పోయిన పంటి స్థానంలో ఏది మేలు? – నాలుగు మార్గాలు, వాటి ఖర్చులు, లాభనష్టాలు

సంస్కృతంలో దంతానికి ద్విజమని ఒక పేరు ఉన్నది. ద్విజమనగా రెండుసార్లు పుట్టినది. పాలపళ్ళుగా ఒకసారి, అవి ఊడిన తరువాత స్థిరదంతాలుగా మరొకసారి అవి మన నోట జన్మిస్తాయి. మూడవ జన్మ మాత్రం వాటికి లేదు. అందువల్ల పెద్దవారి నోటిలో ఒక పన్ను పోయినదంటే ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచడమా, మనిషి చేతితో చేసిన పంటితో నింపడమా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, దంతవైద్యుణ్ణి కాను. అయినా చిగుళ్ళ బాధలకు, అజీర్తికి నా వద్దకు వచ్చేవారిలో చాలామంది మందు రాయించుకున్న తరువాత లేవబోతూ ఈ ప్రశ్న వేస్తుంటారు: "దవడపన్ను తీయించేశానండీ. ఒకరు బ్రిడ్జి అంటున్నారు, ఇంకొకరు ఇంప్లాంట్ అంటున్నారు. అంత డబ్బు పోయవలసిందేనా? ఇలాగే గడిపేయకూడదా?" మా కుటుంబంలోనూ ఈ సమస్య ఒకరి తరువాత ఒకరికి వచ్చింది. అప్పుడు దంతవైద్యులను అడిగి, చదివి, కాగితం మీద లెక్కలు వేసి తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా ముఖ్యమైన మాట చెప్పివేస్తాను. ఈ ప్రశ్నకు జవాబు పోయిన పంటిని చూసి చెప్పదగినది కాదు. మిగిలిన పళ్ళను, అందునా ఆ ఖాళీకి ఇరుపక్కల నిలిచిన రెండు పళ్ళను చూసి చెప్పవలసినది. కొత్త పన్ను ఎంతకు వస్తుందన్నది సగం లెక్క మాత్రమే. దాని కోసం ఉన్న పళ్ళకు ఎంత నష్టం కలుగుతుంది, లేదా ఎంత రక్షణ లభిస్తుంది అన్నది మిగిలిన సగం.

మందుతో పన్ను మళ్ళీ మొలుస్తుందా?

సుశ్రుతుడు అస్థులను ఐదు రకాలుగా విభజించి, దంతాలను రుచకాస్థులన్నాడు. అయితే విరిగిన ఎముక అతుక్కొన్నట్లు విరిగిన పన్ను అతుక్కోదు. పంటి పైనుండే ఎనామిల్ పొర ఒకసారి పోతే శరీరం దానిని తిరిగి నిర్మించలేదు. కాబట్టి ఫలానా చూర్ణంతో, ఫలానా తైలంతో పోయిన పన్ను మొలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2024లో జపాన్‌లోని క్యోటో నగరంలో పళ్ళను మొలిపించగల ఒక మందును మనుషులపై పరీక్షించడం ప్రారంభించారు. అది ఇంకా పరిశోధనలోని మాటే గాని, దుకాణంలో దొరికే మందు కాదు.

శాస్త్రం పేరుతో లేని ఆశ చూపడం మన పూర్వుల పద్ధతి కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో విరిగిన ఎముకల చికిత్స చెప్పే అధ్యాయంలో, దెబ్బ తగిలి కదిలిన పళ్ళ సంగతి కూడా ఉన్నది. వయసులో ఉన్నవాని పన్ను విరగకుండా, నెత్తురోడుతూ కదిలితే దానిని స్వస్థానంలోకి నొక్కి, చల్లని లేపనాలు వేసి, కలువ తూటి గుండా పాలు తాగించమన్నాడు. ముసలివాని కదిలే పళ్ళను మాత్రం చికిత్సకు లొంగనివిగా భావించి విడిచిపెట్టమన్నాడు. ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్న వివేచన వైద్యునికి మొదట ఉండాలని దీని భావం.

ఈ సందర్భంలోనే ప్రతి ఇంటివారికీ తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆటలోనో, వాహనం మీదినుంచి పడినప్పుడో స్థిరదంతం వేరుతో సహా ఊడివస్తే దానిని పారవేయవద్దు. వేరును ముట్టుకోకుండా పైభాగాన్ని పట్టుకొని, మట్టి అంటితే నీటితో లేదా పాలతో ఒక్కసారి తొలిచి, వీలైతే వెంటనే ఆ గుంటలోనే పెట్టాలి. అది చేతకాకపోతే చల్లని పాలలో వేసి, గంటలోపల దంతవైద్యుని వద్దకు చేరాలి. ఎంత త్వరగా చేరితే పన్ను నిలిచే అవకాశం అంత ఎక్కువ. సొంత పంటిని మించిన చవకైన పన్ను మరొకటి లేదు. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టరాదు. దాని కింద పెరుగుతున్న స్థిరదంతానికి హాని కలుగుతుంది.

మొదటి మార్గం: ఖాళీగా వదిలివేయడం

దీనికి నేడు ఖర్చు లేదు. కాని పళ్ళు గోడలోని ఇటుకల వలె కదలక ఉండేవి కావు. పక్కన ఆనిక పోతే ఇరుగుపొరుగు పళ్ళు మెల్లగా ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదుటి దవడలోని పన్ను తనకు తగిలే పన్ను లేక కిందికో పైకో దిగుతుంది. ఒరిగిన పళ్ళ సందులలో పీచు, మెతుకు ఇరుక్కొని పుచ్చు, చిగురువాపు మొదలవుతాయి. ఒక పక్కనే నమిలే అలవాటుతో ఆ పక్క పళ్ళ మీద భారం పెరుగుతుంది.

దవడ ఎముకలో జరిగే మార్పు పైకి కనబడదు. పన్ను తీసిన చోట మొదటి సంవత్సరంలోనే ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. ఆ తరుగులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలలలోనే జరుగుతుంది. "తరువాత చూద్దాంలే" అని ఏళ్ళ తరబడి ఆగినవారికి ఇంప్లాంట్ కావాలంటే ముందుగా ఎముక నింపే శస్త్రచికిత్స అవసరపడి, ఖర్చు పెరిగేది ఇందువల్లనే.

అయినా ప్రతి ఖాళీనీ నింపి తీరాలన్న నియమం లేదు. జ్ఞానదంతం పోతే దాని స్థానంలో ఏమీ అక్కరలేదు. చిట్టచివరి దవడపన్ను పోయి, దానికి ముందున్నవి గట్టిగా ఉండి, ఎదుటి పన్ను దిగిపోయే ప్రమాదం లేకపోతే అలాగే వదిలివేయవచ్చునని చాలామంది దంతవైద్యులు అంగీకరిస్తారు. ముందు పళ్ళు, వాటి వెనుకనున్న చిన్న దవడపళ్ళు చక్కగా కలిసి పనిచేస్తే నమలడానికి చాలామందికి సరిపోతాయన్న భావనను నెదర్లాండ్స్‌లోని దంతవైద్య పరిశోధకులు 1980ల దశకంలోనే ముందుకు తెచ్చారు.

రెండవ మార్గం: తీసిపెట్టుకునే పన్ను

మన ఇళ్ళలో కట్టుడు పన్ను అనేది దీనినే. గులాబి రంగు యాక్రిలిక్ పలకకు పన్ను అమర్చి, తీగ కొక్కేలతో పక్క పళ్ళకు తగిలిస్తారు. అన్నిటిలో ఇది చవక. పక్క పళ్ళను అరగదీయవలసిన పని ఉండదు. శస్త్రచికిత్స లేదు. నాలుగైదు పళ్ళు వేరువేరు చోట్ల పోయినా ఒకే సెట్టులో అమర్చవచ్చు. తరువాత మరో పన్ను పోతే దానినీ చేర్చవచ్చు. వయోవృద్ధులకు, ఇతర జబ్బులున్నవారికి, పన్ను తీయించుకొని గాయం మానేదాకా తాత్కాలికంగా కావలసినవారికి ఇది మంచి మార్గం.

నష్టాలు కూడా చెప్పాలి. జంతికలు, చెరకు ముక్కలు, ఆవకాయ టెంకలు దీనితో సులభం కావు. కొత్తలో మాట తడబడుతుంది, లాలాజలం ఊరుతుంది. కొక్కెం తగిలే పళ్ళ చుట్టూ గార పేరుకుంటే అవీ పుచ్చిపోతాయి. కింది ఎముక తరుగుతూ ఉంటుంది గనుక కొన్ని సంవత్సరాలకు సెట్టు వదులై, మరల సరిచేయించుకోవలసి వస్తుంది. లోహపు చట్రంతో చేసే సెట్టు పలుచగా, గట్టిగా ఉంటుంది గాని ధర ఎక్కువ.

మూడవ మార్గం: బ్రిడ్జి

ఖాళీకి ఇరుపక్కలనున్న పళ్ళను అరగదీసి వాటికి తొడుగులు వేసి, ఆ రెండు తొడుగుల నడుమ లేని పంటిని వంతెన వలె నిలబెట్టడం బ్రిడ్జి. ఒక పన్ను పోతే మూడు తొడుగుల ఖర్చు అవుతుందని గమనించాలి. రెండు మూడు పర్యాయాలు వెళితే రెండు వారాలలోపే పని ముగుస్తుంది. నోటిలో కదలకుండా ఉంటుంది. నమలడానికి సొంత పంటివలెనే ఉపయోగిస్తుంది.

దీని అసలు ధర బిల్లులో కనబడదు. పూర్తి తొడుగు కోసం అరగదీసేటప్పుడు చిగురు పైన కనబడే పంటిలో సుమారు మూడింట రెండు వంతులు పోతుందని కొలతలు వేసినవారు తేల్చారు. ఏ దోషమూ లేని పంటిని అంతగా అరగదీయడం చిన్న విషయం కాదు. కొన్నాళ్ళకు లోపలి నరం దెబ్బతిని రూట్ కెనాల్ అవసరపడవచ్చు. తొడుగు అంచు కింద పుచ్చు చేరవచ్చు. అప్పుడు పోయేది ఆ ఒక్క పన్నే కాదు, దాని మీద ఆధారపడిన బ్రిడ్జి అంతా.

అయితే ఆ పక్క పళ్ళు అప్పటికే సగం పుచ్చి, పెద్ద సిమెంటు నింపుదలతోనో, రూట్ కెనాల్‌తోనో ఉంటే లెక్క తారుమారవుతుంది. వాటికి ఎలాగూ తొడుగులు వేయించక తప్పదు. అటువంటప్పుడు బ్రిడ్జి అంటే వేయించవలసిన రెండు తొడుగులకు మరొక పంటిని కలపడమే.

అరగదీయడం దాదాపు లేకుండా, పక్క పంటి వెనుకభాగానికి సన్నని రెక్కతో అంటించే బ్రిడ్జి కూడా ఉన్నది. ఖర్చు తక్కువ. పెద్ద దవడపళ్ళకు పనికిరాదు గాని ముందు పంటికి ఎంతో అనువైనది. ఊడివచ్చినా పన్ను చెడదు, తిరిగి అంటించవచ్చు. పదహారేళ్ళ పిల్లకు ముందు పన్ను పోయినప్పుడు ఇది ముఖ్యంగా గుర్తుకు రావాలి. దవడ ఎదుగుతున్న వయసులో ఇంప్లాంట్ పెడితే చుట్టుపక్కల పళ్ళు ఎముకతో పాటు కదులుతాయి, ఇంప్లాంట్ కదలదు. కొన్నేళ్ళకు అది పొట్టిగా, లోపలికి పోయినట్లు కనబడుతుంది. కాబట్టి ఎదుగుదల పూర్తి అయ్యేదాకా ఆగడమే మేలు.

నాలుగవ మార్గం: ఇంప్లాంట్

స్వీడన్ దేశపు పరిశోధకుడు బ్రేనెమార్క్ 1950ల దశకంలో కుందేళ్ళ ఎముకలో టైటానియం పరికరాలు అమర్చి పరిశీలిస్తుండగా, అవి ఎముకతో కలిసిపోయి ఊడిరాకపోవడం గమనించాడు. ఆ జ్ఞానాన్ని ఆధారం చేసుకొని 1965లో మొదటిసారి మనిషి దవడలో టైటానియం వేళ్ళను అమర్చాడు. నేటి ఇంప్లాంట్లకు మూలమదే. ఎముకలో స్క్రూ వంటి వేరును బిగించి, అది ఎముకతో కలిసిపోయే వరకు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, తరువాత దానిమీద పంటి తొడుగు అమరుస్తారు.

దీని గొప్ప లాభం ఒక్కటే: పక్క పళ్ళను ముట్టుకోదు. దాని కాళ్ళమీద అది నిలుస్తుంది. నమిలే బలం ఎముకకు చేరడం వల్ల అక్కడి తరుగుదల కూడా తగ్గుతుంది.

నష్టాలలో మొదటిది ఖర్చు, రెండవది కాలం. ఎముక చాలకపోతే ముందు ఎముక నింపాలి. పొగ తాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో, చిగుళ్ళ జబ్బు నయం కానివారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఎముకలు గుల్లబారే జబ్బుకు మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతున్నవారు, దవడకు రేడియేషన్ చికిత్స పొందినవారు ఆ సంగతిని ముందే చెప్పాలి. టైటానియానికి పుచ్చు పట్టదు. కాని దాని చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగిపోయే జబ్బు వస్తుంది. చాలాసార్లు నొప్పి లేకుండానే ముదురుతుంది కనుక ఏటేటా పరీక్ష తప్పనిసరి.

"ఇది జీవితాంతం ఉంటుంది, బ్రిడ్జి ఉండదు" అన్న మాట మీరు వినే ఉంటారు. 2007లో ప్రచురితమైన, అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో పదేళ్ళ తరువాత కూడా నిలిచిన మామూలు బ్రిడ్జిలు నూటికి సుమారు 89. ఇంప్లాంట్ మీది ఒంటి పళ్ళు కూడా నూటికి సుమారు 89. రెక్కతో అంటించేవి సుమారు 65. ముందు పళ్ళకు ఒకే రెక్కతో చేసే కొత్త రకాలు ఇంతకంటె బాగా నిలుస్తున్నాయి. కాబట్టి మన్నికను మాత్రమే చూపి ఇంప్లాంట్‌ను అంటగట్టేవారి మాట సగం నిజం. దానికి ఎక్కువ డబ్బు పెడితే మనకు దక్కేది పక్క పళ్ళ క్షేమం.

ఇరవై ఏళ్ళ లెక్క

ధరలు ఊరిని బట్టి, వైద్యుని బట్టి, వాడే పదార్థాన్ని బట్టి మారుతాయి. కింది అంకెలు లెక్క కట్టే పద్ధతి చూపడానికి నేను అనుకున్నవి మాత్రమే. మీ వైద్యుడు చెప్పిన ధరలను వాటి స్థానంలో వేసుకోండి.

తీసిపెట్టుకునే పన్ను 3,000 రూపాయలనుకుందాం. అయిదేళ్ళకొకసారి మార్చితే ఇరవై ఏళ్ళలో నాలుగు, మొత్తం 12,000. బ్రిడ్జి తొడుగుకు 5,000 చొప్పున మూడింటికి 15,000. మధ్యలో ఒకసారి మార్చితే 30,000. ఆధారమైన పంటికి ఒక రూట్ కెనాల్ 4,000 కలిపితే 34,000. ఇంప్లాంట్ తొడుగుతో సహా 35,000, స్కాన్‌కు 2,000, మధ్యలో ఒకసారి పైతొడుగు మార్చితే 7,000, మొత్తం 44,000.

మొదటి రోజు చూస్తే బ్రిడ్జికి, ఇంప్లాంట్‌కు నడుమ తేడా 20,000 పైచిలుకు. ఇరవై ఏళ్ళు చూస్తే ఆ తేడా 10,000. అంటే నెలకు సుమారు 42 రూపాయలు. ఆ 42 రూపాయలకు మీరు కొనుక్కొనేది అరగదీయని రెండు పళ్ళు. అవి నిజంగా ఆరోగ్యంగా ఉన్నవైతే ఇంతకన్న మంచి బేరం లేదు. అవి అప్పటికే పాడై ఉంటే ఆ డబ్బుకు అర్థం లేదు. పక్క పళ్ళను చూడమని మొదట చెప్పినది ఇందుకే.

మా కుటుంబంలో జరిగిన నిర్ణయాలు

మా అమ్మగారికి ఎనభై రెండేళ్ళు. పై దవడలో ఎడమవైపు మూడు పళ్ళు, కుడివైపు రెండు లేవు. ఎముక బలహీనతకు మందు వాడుతున్నారు. ఆమెకు తీసిపెట్టుకునే సెట్టు చేయించాము. మొదటి నెల "నోట్లో రాయి పెట్టుకున్నట్టుందిరా" అన్నారు. రెండుసార్లు సరిచేయించాక మెత్తని జొన్నరొట్టె పప్పులో అద్దుకొని తింటున్నారు. ఆమెకు అంతకంటె ఖరీదైనది మేలైనది అయ్యేది కాదు.

మా తమ్ముడికి కింది దవడపన్ను పోయింది. ఒక ఆసుపత్రిలో జీవితకాలం హామీ అంటూ వెంటనే ఇంప్లాంట్‌కు వాయిదాల కాగితం ముందుపెట్టారు. వాడు సంతకం చేయకుండా మరొక దంతవైద్యునికి ఎక్స్‌రే చూపించాడు. పోయిన పంటికి వెనుకనున్నది రూట్ కెనాల్ చేసి తొడుగు వేయకుండా వదిలినది. ముందున్నదానిలో సగం సిమెంటే. రెండింటికీ తొడుగులు తప్పవని తేలింది. బ్రిడ్జి వేయించుకున్నాడు.

మా పెద్దమ్మాయికి ముప్పై మూడేళ్ళు. ఆరేళ్ళ వయసులో మొలిచే మొదటి పెద్ద దవడపన్ను ప్రసవం తరువాతి సంవత్సరాలలో పుచ్చి, తీయించవలసి వచ్చింది. ఇరుపక్కల పళ్ళు ముత్యాల వలె ఉన్నాయి. "కనబడని పంటికి ఇంత ఖర్చా?" అని వాళ్ళ అత్తగారు ఆశ్చర్యపోయారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఆ ఇంట్లో ఆ ఏడే పిల్లవాడి బడి ఖర్చు కూడా మొదలైంది. బ్రిడ్జి అయితే సగం ధరకు వస్తుందని అమ్మాయే సిద్ధపడింది. నేను కాగితం తీసి పైన చెప్పిన లెక్క వేసి, మరొక మాట అన్నాను: "నీ ముందు ఇంకా నలభై, యాభై ఏళ్ళున్నాయి. ఈ బ్రిడ్జిని నువ్వు మూడు నాలుగుసార్లు మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఆ రెండు పళ్ళలో ఇంకొంత పోతుంది. చివరికి ఒక పంటి కోసం మూడు పళ్ళు పోగొట్టుకోవచ్చు." అత్తగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "ఉన్నవాటిని చెడగొట్టుకోవడం ఎందుకులే" అన్నారు. ఎముక చాలినంత ఉన్నందున ఇంప్లాంట్ వేశారు. నాలుగు నెలలకు తొడుగు అమర్చారు. రెండు దఫాలుగా డబ్బు కట్టుకున్నారు.

ఇక నాకు కింది దవడలో చిట్టచివరి పన్ను లేదు. ఎదుటి పైపన్ను ముందున్న కింది పంటికి కూడా ఆనుతున్నందువల్ల దిగిపోయే ప్రమాదం తక్కువన్నారు. నేను ఏమీ పెట్టించుకోలేదు. ఏటా చూపించుకుంటున్నాను.

ఒక్కరి జవాబు మరొకరికి పనికిరాదని పాఠకులు గ్రహించే ఉంటారు.

ఒప్పుకునే ముందు అడగవలసిన ప్రశ్నలు

1. పక్కనున్న రెండు పళ్ళు ఎలా ఉన్నాయి? వాటికి ఎలాగూ తొడుగు అవసరమా?
2. ఏమీ చేయకపోతే నా విషయంలో ఏమవుతుంది? ఎంతకాలం ఆగవచ్చు?
3. ఎముక చాలుతుందా? నింపవలసి వస్తే దాని ఖర్చు ఈ ధరలో కలిసి ఉన్నదా?
4. చెప్పిన మొత్తంలో స్కాన్, తొడుగు, తరువాతి పరీక్షలు చేరి ఉన్నాయా?
5. హామీ అంటే దేనికి? ఇంప్లాంట్ స్క్రూకా, పైతొడుగుకా, మళ్ళీ చేసే పనికి కూడానా? రాసి ఇస్తారా?
6. వాడే ఇంప్లాంట్ కంపెనీ పేరు, కొలత రాసిన కార్డు ఇస్తారా? ఊరు మారితే మరో వైద్యునికి అది అవసరం.

ఖర్చు భరించలేనివారు హైదరాబాద్, విజయవాడ, కడప నగరాలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో విచారించవచ్చు. అక్కడ ఎక్కువసార్లు తిరగవలసి ఉంటుంది గాని ఖర్చు బాగా తగ్గుతుంది. సాధారణ ఆరోగ్య బీమాలు ప్రమాదం వల్ల కలిగిన గాయాలకు తప్ప పళ్ళ ఖర్చును చాలావరకు ఇవ్వవు. మీ పాలసీ కాగితాన్ని ముందే చదువుకోండి.

పెట్టించుకున్న తరువాత ఇంట్లో పాటించవలసినవి

ఏ మార్గం ఎంచుకున్నా దానిని నిలబెట్టేది చిగురు. ఇక్కడ మన దినచర్య ఎంతో ఉపకరిస్తుంది. పళ్ళపుల్లలలో చేదుకు వేప, వగరుకు చండ్ర, తీపికి ఇప్ప, కారానికి కానుగ శ్రేష్ఠమని సుశ్రుతుడు చెప్పాడు. తొడుగులు, ఇంప్లాంట్లు ఉన్నచోట మాత్రం పుల్లను గట్టిగా రుద్దక, మెత్తని బ్రష్షుతో ఉదయం, రాత్రి తోముకోవాలి. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి ఎంతమాత్రం వాడవద్దు. అవి పంటిని, తొడుగును, యాక్రిలిక్‌ను కూడా గీస్తాయి.

నువ్వుల నూనెను నోరు నిండా పట్టి కదపకుండా ఉంచడం గండూషం. కొద్దిగా పట్టి పుక్కిలించడం కబళం. ఉదయం ఒక పెద్ద చెంచా నూనెతో అయిదు పది నిమిషాలు కబళం చేసి ఉమ్మివేయవచ్చు. నోరెండిపోయే వృద్ధులకు హాయిగా ఉంటుంది. చిగుళ్ళు మెత్తబడి నెత్తురు కనబడుతున్నప్పుడు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల త్రిఫల చూర్ణాన్ని ఒక చెంచా గ్లాసు నీటిలో సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా పుక్కిలించవచ్చు. ఇవి తోముకోవడానికి తోడే గాని దానికి బదులు కావు. వారం దాటినా నెత్తురు ఆగకపోతే గార తీయించుకోవాలి. లవంగ తైలం నొప్పిని కాసేపు ఆపుతుంది, పుచ్చును ఆపదు. నేరుగా చిగురు మీద వేస్తే చిగురు కాలుతుంది.

బ్రిడ్జి ఉన్నవారు దాని కింది సందును పళ్ళదారంతో గాని, సందులలో దూరే చిన్న బ్రష్షుతో గాని రోజూ శుభ్రం చేయాలి. తీసిపెట్టుకునే సెట్టును రాత్రి తీసి, మామూలు సబ్బుతో మెత్తగా తోమి, చన్నీటిలో ఉంచాలి. వేడినీటిలో వేస్తే వంకర పోతుంది. గుట్కా, వక్కపొడి, పొగాకు మానకుండా ఇంప్లాంట్ వేయించుకోవడం డబ్బు వృథా చేసుకోవడమే.

చివరగా, పన్ను తీయించడానికి ముందే ఒక్కమాట అడగండి: దీనిని నిలబెట్టవచ్చునా? నిలబెట్టగల పంటిని రూట్ కెనాల్‌తో, తొడుగుతో నిలబెట్టుకుంటే పైన చెప్పిన నాలుగు మార్గాలలో దేని అవసరమూ రాదు. తీయక తప్పదని తేలితే, తీసిన రోజునే తరువాత ఏమి చేయాలో మాట్లాడుకోండి. ఎముక తరుగు మొదలయ్యేది ఆనాటి నుంచే.